మాఘంలో చేప పడదంటారే!

మా పక్కింటి పిన్నిగారికి నా మీద ప్రేమే గానీ, మా వారి గాలం మీద మాత్రం తగని పగ. ఆదివారం పొద్దున ఆయన గాలం కర్రా, ఎర డబ్బా, గోనెసంచీ స్కూటరుకి కట్టుకోవడం కంటపడితే చాలు, పిట్టగోడ మీంచి తొంగిచూసి, "ఇదేం పిచ్చమ్మా! సంక్రాంతి వెళ్లాక గాలానికి చేప పడుతుందిటే? చలికి అవి తిండి మానేస్తాయి. వలేసి లాగాల్సిందే. బజార్లో బుట్టలకి బుట్టలు దిగుతున్నాయిగా, ఓ కిలో కొనుక్కుంటే పోయేదానికి..." అంటారు.

ఆవిడొక్కరే కాదు. బజార్లో చేపలమ్మే అబ్బాయి అదే మాట. మా మరిది అదే మాట. "చలికాలం చేప గాలానికి పడదు, అందుకే వల" అన్నది మా ఊళ్లో శాస్త్రవాక్యం అయి కూర్చుంది. మొన్న మొన్నటి దాకా నేనూ ఆ పక్షమే. ఇవాళ కాదు. ఆ మాట తప్పు మాత్రమే కాదు, ఆ మాట చాటున చాలా అన్యాయం జరిగిపోతోంది. అందులో నా వాటా, మీ వాటా కూడా ఉంది కాబట్టి, గరిటె పక్కన పెట్టి కలం పట్టుకున్నాను.

మా కాపురం దేవరకొండలో. నాగార్జునసాగర్ వెనక నీళ్లు, అదే అందరూ బ్యాక్‌వాటర్ అంటారే, మాకు దగ్గరే. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఆనకట్ట అది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకి నీళ్లు వదిలారు. ఆనకట్ట చూడ్డానికి బస్సులు కట్టుకుని వెళ్తాం, గేట్లెత్తితే ఫోటోలు దిగుతాం. ఆ గేట్ల వెనక ఇక్ష్వాకుల విజయపురిని ముంచేసి పరుచుకున్న నీటిలో ఏ నెలలో ఏం జరుగుతుందో మాత్రం మనకి పట్టదు. నాకూ పట్టలేదు, మూడేళ్ల కిందటి మాఘం దాకా.

అంతకు ముందు ఆరేడేళ్లు మా వారి వేట ఎలా సాగేదంటే, తెల్లవారుజామున నాలుగింటికి లేచి, మంకీ క్యాపు తొడిగి, ఫ్లాస్కు నిండా నా చేత కాఫీ పోయించుకుని బయల్దేరేవారు. తొమ్మిదింటికల్లా ముక్కు ఎర్రగా చేసుకుని ఖాళీ సంచీతో దిగేవారు. రొంప మాత్రం తప్పకుండా తెచ్చేవారు. "చేపలు పట్టారా, చలి పట్టించుకున్నారా?" అని దెప్పేదాన్ని. ఆయనా పాపం, "ఈ కాలంలో పడవే!" అని ఒప్పుకునేవారు.

ఆ ఏడు మాఘ ఆదివారం సూర్యుడికి పాలు పొంగించి, పరమాన్నం నైవేద్యం పెట్టి, పిల్లలు సతాయిస్తుంటే అందరం కలిసి పదింటికి బయల్దేరాం. నేనా రోజు నీచు ముట్టను గనక వంట బాధ లేదు. నేరెడుగొమ్ము మండలంలో వైజాగ్ కాలనీ అని ఉంది, విన్నారా? విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ జాలరి కుటుంబాల ఊరు. హైదరాబాదు వాళ్లు కార్లేసుకొచ్చి చేపల వేపుడు తినిపోయే చోటు. ఆ ఒడ్డున ఓ పెద్దమ్మ పుట్టిలోంచి వల దులుపుకుంటూ మా వారిని చూసి పలకరించింది. ఆయన ముఖం ఆవిడకి పాత పరిచయమే.

"ఏటి బాబూ, ఇయ్యాల పొద్దెక్కినాక వొచ్చినావు? మంచి పనే సేసినావు. రోజూ సీకట్లో ఎవుల కోసం వొస్తావో నాకు తెలీదు. సూరీడు నీట్లో దిగాల. అప్పుడు గదా సేప కదుల్తాది!"

"చలికి తిండి మానేస్తాయటగా పెద్దమ్మా?" అన్నాను.

"మానీనేదు తల్లీ, ముడుసుకున్నాది" అంది.

అప్పుడే పాలు పొంగించి వచ్చినదాన్ని, ఆ సూర్యుడి మాట నా మనసులో నాటుకుపోయింది. ఆ మధ్యాహ్నం ఒడ్డున కూర్చుని ఆవిడ చెప్పిందీ, తరవాత మూడు చలికాలాలు నేను స్వయంగా చూసిందీ, కాస్త చదువుకున్నదీ కలిపి చెప్తాను వినండి.

చేప ఒంట్లో మనకున్నట్టు కుంపటి లేదు. నీళ్లెంత చల్లనో అదీ అంత చల్లన. నీళ్లు చల్లబడ్డ కొద్దీ దాని జీర్ణం మందగిస్తుంది, ఆకలి తగ్గుతుంది, తోక ఆడించడం కూడా దండగనుకుంటుంది. చలిదేశాల్లోలా మన దగ్గర నీళ్లు గడ్డకట్టవు కాబట్టి తిండి పూర్తిగా మానేసే అవసరం మన చేపకి రాదు. ఆకలి లేకపోవడం వేరు, తగ్గడం వేరు. జ్వరం పడి లేచిన పిల్లాడికి ఆవకాయ అన్నం ముద్దలు పెడితే తింటాడా? చారన్నం నాలుగు మెతుకులు పెడితే తింటాడు. ఇదీ అంతే.

కాబట్టి మొదటి సంగతి వేళ. తెల్లవారుజామున ఒడ్డు నీళ్లు రాత్రంతా చల్లారి ఉంటాయి. చేపలు లోతు పట్టుకుని కదలవు. పదీ పదకొండు దాటి ఎండ చురుక్కుమన్నాక, లోతు తక్కువ నీళ్లు ముందు వేడెక్కుతాయి. అడుగున రాతి పలకలుంటే మరీ త్వరగా. అప్పుడు లోతులోంచి మెల్లిగా పైకి జరుగుతాయి. పన్నెండు నుంచి నాలుగు దాకా వాటి భోజనాల వేళ. మన ఇళ్లల్లో ఆదివారం పంక్తి కూడా అదే కదా!

రెండోది చోటు, ఇక్కడే అసలు గమ్మత్తు. వానాకాలపు వరదకి జలాశయం నిండుతుంది. బాగా కురిసిన ఏడు 590 అడుగుల నిండు మట్టం అందుకుంటుంది. ఆ పైన యాసంగి పైరుకి, మా పుట్టింటి వైపు దాళ్వా అంటాం, ఎడమన లాల్‌బహదూర్ కాలవ, కుడిన జవహర్ కాలవ నీళ్లు తాగడం మొదలెడతాయి. మాఘం వచ్చేసరికి నీళ్లు ఒడ్డునొదిలి లోపలికి పోతుంటాయి. పోయిన ఆదివారం గాలం వేసిన చోట ఈ ఆదివారం బురద. నీళ్లు దిగిపోతుంటే చేపకి బెదురు. ఒడ్డు వదిలేసి, మునిగిన పాత వాగుల దారి పట్టుకుని లోతుకి జారుకుంటుంది. మట్టం రెండు మూడు రోజులు కదలకుండా నిలిచిందా, మళ్లీ తిరిగొస్తుంది. ఇది తెలుసుకోడానికి యంత్రాలక్కర్లేదు. పెద్దమ్మ నీటి అంచున ఓ గులకరాయి పెట్టమంది. గంటకోసారి చూసుకోమంది. రాయి ఎంత దూరం ఎండిందో అదే లెక్క. నీళ్లు జోరుగా తీస్తుంటే వాగు దారికి ఎదురుగా, లోతుకీ మెరకకీ మధ్య గట్టు దగ్గర కూర్చోవాలి. నిలకడగా ఉంటే ఎండ తగిలే మెరక మీదికి పోవచ్చు.

అన్నట్టు, మీ వాళ్లెవరైనా వెళ్తే ఒక్క మాట చెప్పండి. నీళ్లు తీసిన చోట బురద పైకి ఎండినట్టే నెర్రెలిచ్చి కనిపిస్తుంది. కాలు పెడితే మోకాలి దాకా లాగేస్తుంది. మా పెద్దవాడి చెప్పు ఒకటి ఇంకా అక్కడే ఉంది. కృష్ణలో మొసళ్లున్నాయి కూడా. ఆనకట్ట దాపుకి, వద్దని రాసిపెట్టిన చోట్లకి వెళ్లనే వెళ్లొద్దు.

మూడోది ఎర. మా వారు నిమ్మకాయంత పిండిముద్ద గుచ్చేవారు, పెద్ద చేప పడాలని. పెద్దమ్మ పగలబడి నవ్వింది. ఈ కాలంలో శనగగింజంత చాలట. గోధుమపిండి, తవుడు, దోరగా వేయించి దంచిన వేరుశనగ చెక్క. ఈ ముద్ద ఇప్పుడు నేనే కలుపుతున్నాను. చపాతీ పిండి కన్నా గట్టిగా, పూరీ పిండికి కాస్త అటుగా ఉండాలి. లేకపోతే నీళ్లలో విడిపోతుంది. గాలం ముల్లు చిన్నది, దారం సన్నది. ముందుగా చల్లే మేత కూడా పిడికెడు మించకూడదు. ఆకలి తక్కువ ఉన్నవాడికి విస్తరి నిండా వడ్డిస్తే మన గాలం ముద్ద దాకా వస్తాడా?

ఇంక బెండు సంగతి. వానాకాలంలో బెండు బుడుంగున మునుగుతుంది. మాఘంలో మునగదు. కాస్త ఒరుగుతుంది, లేకపోతే నిలబడ్డది పడుకుంటుంది. అంతే. ఆ ఒరగడం చూడగలిగిన వాడికే చేప. మా వారు ఆరేడేళ్లుగా బెండు మునగాలని చూస్తూ కూర్చుని, చేప వచ్చి ఎర చప్పరించి పోయిందన్న సంగతి గ్రహించలేదు. "పడటం లేదు" అంటే అర్థం ఇదీ! శీలావతి, ఎర్రమోసు అడుగు దాపున ఇలాగే చప్పరిస్తాయి. బొచ్చె పైనీళ్లలో తిరిగే చేప. ఎండ ముదిరాక పైకి వస్తుంది. దానికి బెండు దగ్గరగా ముల్లు పైకి కట్టుకోవాలి.

కనక, చేప పడుతుంది. ఓపికున్నవాడికి పడుతుంది. అలాంటప్పుడు "చలికాలం పడదు, వలే దిక్కు" అని ఈ పాట ఎవరు కట్టారు? ఎందుకు కట్టారు?

వలల్లో వలలున్నాయి. పెద్దమ్మ పుట్టిలో ఉన్నది వెడల్పు కన్నుల వల. సాయంత్రం కట్టి పొద్దున తీస్తారు. చిన్న చేప ఆ కన్నులోంచి జారిపోతుంది, పెద్దది మొప్పల దగ్గర చిక్కుతుంది. ఆవిడ తెడ్డు వేస్తుంటే ఆవిడ మనిషి వల కడతాడు. అది వాళ్ల బతుకు. నేను దాన్ని తప్పుపడితే నా కళ్లు పోతాయి. నా పోట్లాట అలివి వల మీద. దోమతెర లాంటి చిన్న కన్నులతో, చాలా పొడుగున, కూలీలని పెట్టి ఒడ్డుకి లాగే వల అది. చిటికెన వేలంత పిల్ల కూడా దాన్ని దాటిపోలేదు. ఈ వలకి నిషేధం ఉంది. ఉన్నా సాగర్‌లోనూ, ఎగువన శ్రీశైలంలోనూ పడుతూనే ఉంది. దానికి అన్నిటికన్నా అనువైన కాలం ఏదనుకున్నారు? ఇదే. నీళ్లు దిగి, చేప అంతా వాగుల్లోకి, మడుగుల్లోకి చేరి, చలికి ముడుచుకుని, పారిపోయే చురుకు లేని కాలం. గాలం పట్టినవాడికి ఈ చలి పరీక్ష పెడుతుంది. అలివి వాడికి పళ్లెంలో పెట్టి ఇస్తుంది. తేడా చూశారా? "చలికాలం వలే దిక్కు" అన్న మాట ఎవరికి లాభమో ఇప్పుడు చెప్పండి.

ఆ వలలో పడేది ఏమిటో కూడా చూడండి. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వానాకాలపు వరదకి ఎదురీది, పారే నీటిలో పెట్టాలి. రెండో ఏడు దాటితే గానీ ఈడుకి రావు. ఒకసారి ఈడుకొచ్చిన తల్లి చేప కిలో బరువుకి లక్షకి పైగా గుడ్లు పెడుతుంది. జలాశయంలో వీటి సంతానం దానంతట అది సరిపడా పెరగదు కాబట్టే సర్కారు పిల్లల్ని తెచ్చి వదలడం. తెలంగాణలో 2016లో ఉచితంగా చేపపిల్లలు వదిలే పథకం మొదలైంది. జలాశయాలకి 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలని లెక్క పెట్టారు. అంటే మన అరచేతిలో ఇమిడేవి. వానాకాలం చివర వదిలిన ఆ పిల్లలు మాఘానికి జానెడు కూడా ఉండవు. జనం సొమ్ముతో పోసిన పిల్లల్ని, ఆరు నెలలు తిరక్కుండా ఎవరో ఊడ్చుకుపోయి, మిగిలినవి బండల మీద ఎండబెట్టి అమ్ముకుంటే, పుట్టి వేసుకుని పొద్దున్నే వెళ్లే పెద్దమ్మ వలలో ఏముంటుంది? ఆ రోజు ఆవిడ దులుపుకున్నది ఖాళీ వలే.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. ఆ ఆదివారమే, బయల్దేరే ముందు, మర్నాటికని బజార్లో చిన్న చేపలు కిలో కొని ఫ్రిజ్జులో పడేసి వచ్చాను. కూరల సంచీ మాత్రం మార్చలేదు. సంచీ అడుగున రెండు చేపలు జారిపోయి ఉండిపోయాయి. ఒడ్డున టిఫిను గిన్నెలు తీస్తుంటే అవి బయటపడ్డాయి. పెద్దమ్మ చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "బొచ్చె పిల్లలమ్మా ఇయ్యి. పసిగుడ్లు" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఇంటికెళ్లి ఫ్రిజ్జులోవి లెక్కపెట్టాను, పదకొండు ఉన్నాయి. ఒక్కొక్కటి నూరు గ్రాములు లేదు. మంచి మేత దొరికే నీటిలో బొచ్చె ఏడాదికి కిలో పెరుగుతుందట. పదకొండింటిలో సగం పక్షుల పాలూ, వాలుగ పాలూ అయినా, వచ్చే మాఘానికి అయిదారు కిలోల చేప నేను కిలోకి కుదించి ఇగురు పెట్టాను. ఇంత గడుసుగా పప్పు డబ్బా మీద, గ్యాసు బండ మీద లెక్కలు కట్టే మనం, ఈ లెక్క ఎప్పుడైనా వేశామా?

"చిన్న చేపలు ఒంటికి బలమమ్మా, పిల్లలకి మంచిదని డాక్టర్లే అంటారు" అని పిన్నిగారి అభ్యంతరం. నిజమే! ముల్లుతో సహా నమిలి తినే చిన్న చేప మంచిదే. కానీ చిన్న చేప వేరు, చేప పిల్ల వేరు. పరిగె పుట్టుకే చిన్నది. అది అంతకన్నా పెరగదు. హాయిగా తినండి, చింతచిగురు దొరికినప్పుడు వేసుకుని తినండి. బొచ్చె పిల్లని పరిగెల గుట్టలో కలిపి అమ్మితేనే మోసం. పోల్చుకోవడం కష్టం కాదు. ఒంటికి మించిన తల, పైకి తెరుచుకున్న పెద్ద నోరు ఉంటే అది బొచ్చె. కింది పెదవికి కుచ్చు అంచు కుట్టినట్టుండి, రెక్కలు ఎర్రగా మెరిస్తే శీలావతి. పరిగెల్లో మామూలుగా దొరికేదానికి తోక మొదట్లో నల్లచుక్క ఉంటుంది, బొట్టు పెట్టినట్టు. చీర అంచులో ఒక్క పోగు తేడా ఉంటే కొట్టువాడి దుమ్ము దులిపే మనకి ఇది ఓ లెక్కా?

"మనం కొనకపోతే ఇంకొకరు కొంటారు" అనేది ఇంకో వాదన. ఇది మా మరిదిది. ఇలాంటి వాదనలు మగవాళ్లే కనిపెడతారు. ఇంకొకరు అంటే ఎవరు? పక్క వీధి వదినగారు. ఆవిడా మనలాగే సంచీ పట్టుకొచ్చిన మనిషే. చేపల బజారులో బేరమాడే వాళ్లలో సగానికి పైగా మనమే కనిపిస్తాం. వల వేసేది ఎవరైనా, దాని కన్ను ఎంత ఉండాలో చివరికి నిర్ణయించేది మన బేరమే. మనం జానెడు బొచ్చెని బుట్టలోనే వదిలేస్తే, దాన్ని పట్టినవాడు ఎన్నాళ్లు పడతాడు?

మరి గాలంతో ఊరంతటికీ చేపలు వస్తాయా అంటారేమో. రావు. రావాలనీ నేననడం లేదు. ఊరికి చేపలు పెద్దమ్మ వెడల్పు వల పెట్టాలి. గాలం పట్టినవాడు తన ఇంటికి తను తెచ్చుకుంటాడు. వాడి చేతిలో ఇంకో సౌకర్యం ఉంది. పడ్డది పిల్లైతే తడిచేత్తో పట్టుకుని, ముల్లు తీసి, తిరిగి నీళ్లలో వదలొచ్చు. మా వారు వదులుతున్నారు. మొదట్లో ప్రాణం పోయినట్టు ముఖం పెట్టేవారు. ఇప్పుడు అలవాటైంది. నాలుగు గంటలు ఎండలో, గులకరాయి చూసుకుంటూ, బెండు ఒరుగుతుందా లేదా అని రెప్ప వాల్చకుండా కూర్చున్న మనిషిని ఇదివరకు నేను సోమరిపోతు అన్నాను. ఆ మాట ఈ పత్రికాముఖంగా వెనక్కి తీసుకుంటున్నాను. ఇంట్లో బల్బు మార్చమంటే వాయిదా వేసే విషయంలో మాత్రం తీసుకోవడం లేదు.

పోయిన ఆదివారం పదింటికి ఆయన బయల్దేరుతుంటే పిన్నిగారు మామూలుగానే పిట్టగోడ దగ్గర నిలబడ్డారు. "ఇంత పొద్దెక్కాకా? ఇంకేం చేపలు!" అన్నారు. సాయంత్రం ఆరింటికి ఆయన ఒకే ఒక్క శీలావతి తెచ్చారు, కిలోన్నర. ఆదివారమే పులుసు పెట్టి ఉంచాను. చేపల పులుసు మర్నాటికి గదా రుచి. పిన్నిగారికి సోమవారం పట్టింపు లేదు కనక గిన్నెతో పంపాను. గిన్నె తిరిగిచ్చేటప్పుడు అడిగారు:

"బావుందే! వలదా?"

"గాలానిదేనండీ. మధ్యాహ్నం రెండున్నరకి పడిందిట."

"అయితే వచ్చే ఆదివారం మా ఆయన్ని కూడా తీసుకెళ్లమను" అన్నారు, పిట్టగోడ అవతలికి తిరుగుతూ.